గీత కింద నలభై పేర్లు

ఈ జ్ఞాపకంలో ఎవరి పేరూ రాయను. మరిచిపోయి కాదు, ఆ పేర్లన్నీ నాకు ఇప్పటికీ వరసగా నోటికి వచ్చు. ఒకప్పుడు వాటిని ఇంటిపేర్లతో, తండ్రి పేర్లతో సహా టైపు కొట్టించి, ప్రతి పుట అడుగునా ఒక గీత గీయించి, ఆ గీత కింద పేర్చుకుని, ఎంత ఘనకార్యం చేశానో అని మురిసిపోయినవాణ్ణి. ఆ మురిపెం ఎలా దిగిపోయిందో చెప్పుకోవాలనే ఈ రాత.

మాది ఆదోని. పత్తి వ్యాపారం చేసే ఇల్లు. అర్థశాస్త్రం చదవడానికి నేను మద్రాసు పోయినప్పుడు మా నాన్నకు అది ఎందుకు పనికొచ్చే చదువో అంతుపట్టలేదు. చదువు చివర ఒక పెద్ద వ్యాసం రాయాలనీ, దానికి నేను ఎమ్మిగనూరు చేనేతను ఎంచుకున్నాననీ చెబితే మరీ నవ్వాడు. మగ్గం సంగతి తెలుసుకోవడానికి ఎమ్మిగనూరు బస్సెక్కితే సరిపోయేదానికి మద్రాసు దాకా రైలు టిక్కెట్టు దండగ కదా అన్నది ఆయన లెక్క. నాకు కోపం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన అన్నదాంట్లో తప్పేమీ కనిపించదు.

మద్రాసులో మా ఆచార్యులు సన్నగా, ఎప్పుడూ దగ్గుతూ ఉండే మనిషి. వ్యాసం ఎలా ఉండాలో ఆయన దగ్గర అచ్చు వేసిన నాలుగు పుటల నియమావళి ఒకటి ఉండేది. ఎడమ పక్కన ఒకటిన్నర అంగుళం వదలాలి. పంక్తికీ పంక్తికీ మధ్య ఇంత ఎడం ఉండాలి. ఏ మాటకు ఆధారం చూపాలో ఆ మాట నెత్తిన చిన్న అంకె వేయాలి. పుట అడుగున గీత గీసి, కింద అదే అంకె వేసి, అది ఎవరు చెప్పారో, ఎక్కడ చెప్పారో, ఏనాడు చెప్పారో రాయాలి. పుస్తకమైతే రచయిత, పేరు, అచ్చయిన ఊరు, ఏడు, పుట. ఇవన్నీ ఒక ఎత్తు, ఆయన నోటితో చెప్పిన రెండు మాటలు ఒక ఎత్తు. ఆధారం లేని వాక్యం ఒక్కటీ ఉండరాదు. వ్యాసంలో ఎక్కడా ‘నేను’ అన్న మాట కనబడరాదు.

ఆ నియమాలు నాకు బాగా తలకెక్కాయి. మా చిన్నాన్నకు ఒంట్లో బాగాలేదని విని ఇంటికి రాసిన ఉత్తరంలో ఆ వాక్యం మీద కూడా అంకె వేసి, కింద గీత గీసి, ‘ఆదోని నుంచి వచ్చిన పత్తి దళారీ చెప్పగా విన్నది’ అని రాశాను. మా నాన్న ఆ ఉత్తరాన్ని గుమాస్తాకు చూపించి, జ్వరం తగిలింది చిన్నాన్నకా, వీడికా అని అడిగాడట.

వేసవి సెలవుల్లో ఎమ్మిగనూరు చేరాను. సహకార సంఘం పెట్టి అప్పటికి ఎన్నో ఏళ్ళు కాలేదు, ఊళ్ళో ఎటు పోయినా మగ్గాల చప్పుడే. నేను ఎంచుకున్నది ఊరి చివర ఒక్క వీధి, నలభై ఇళ్ళు. ఆ వీధికి ఒక పెద్దాయన ఉండేవాడు. తానూ నేతగాడే. ఒక కంట్లో పొర కమ్మి, చూపు సగమే ఉండేది. నేను వచ్చిన పని వినగానే ఎంతో సంతోషించాడు. మా బతుకులు కాగితానికి ఎక్కించడానికి ఇంతదాకా ఎవరొచ్చినారని, దగ్గరుండి అన్ని ఇళ్ళూ చూపిస్తానని మాట ఇచ్చాడు. కొత్తవాణ్ణి, పైగా ఆడవాళ్ళుండే ఇళ్ళు, నన్ను ఒంటరిగా పంపడం ఆయనకు మర్యాదగా తోచలేదు.

అలా నలభై ఇళ్ళకూ ఇద్దరం కలిసే తిరిగాం. ఏ ఇంటికి పోయినా మంచం వాల్చేవాళ్ళు, చెంబుతో మజ్జిగ ఇచ్చేవాళ్ళు. నేను ప్రశ్న అడిగేవాణ్ణి. ఇంటాయన నా వైపు కాక పెద్దాయన వైపు చూసేవాడు. పెద్దాయన ముందు జవాబు చెప్పేవాడు, ఇంటాయన ఆ వెనకే అదే మాట అనేవాడు. మగ్గం మీద కూర్చునేది ఎవరని అడిగిన చోటల్లా నాకు దొరికిన వాక్యం ఒకటే: “మా ఈదిలో ఆడోళ్ళు మగ్గంలో కూసోరప్పా. కండెలు సుడతారు, పడుగు సవరిస్తారు, అంతే.” నేను ఆ వాక్యాన్ని నలభై సార్లు రాసుకున్నాను. ప్రతిసారీ ఇంటాయన పేరు, తండ్రి పేరు, తేదీ. నలభై మంది సాక్షులు ఒక్క మాట మీద నిలబడ్డారంటే ఇంతకంటే గట్టి ఆధారం ఏముంటుందని రొమ్ము విరుచుకున్నాను.

చివరి వరసలో, ఆ నలభై కాక, ఒక విధవరాలి ఇల్లు. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. పదేళ్ళ కూతురు. వాకిట్లోకి అడుగుపెడితే లోపల గుంత మగ్గం, దాని మీద సగం నేసిన చీర కనిపించాయి. మగవాళ్ళు లేని ఇంట్లో మగ్గం ఏమిటని అడిగాను. పెద్దాయన తడుముకోకుండా చెప్పాడు. అది ఆమె మరిదిదట. నాలుగిళ్ళ అవతల ఉండే ఆ మరిదికి అక్కడ ఒకటి, ఇక్కడ ఒకటి, రెండు మగ్గాలట. ఆమె తలుపు వెనకే నిలబడి వింది. నేను ఆమె పేరు ఎదుట ‘కండెలు చుట్టును’ అని రాసుకుని లేచాను. లేస్తూ గొడుగు అక్కడే మరిచిపోయాను.

రెండు రోజుల తర్వాత గొడుగు గుర్తొచ్చి ఒక్కణ్ణే పోయాను. ఎండ మాడుతోంది, వీధిలో నరపురుగు లేదు. ఆ ఇంట్లో మగ్గం ఆడుతున్న చప్పుడు వినిపించి, మరిది వచ్చి ఉంటాడనుకుని దగ్గి లోపలికి తొంగిచూశాను. గుంతలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నది ఆమే. కింద చెక్కలు తొక్కుతూ, నాడెను ఈ చేతినుంచి ఆ చేతికి విసురుతూ, నన్ను చూసి కూడా ఆగలేదు. కూతురు పక్కన కూర్చుని నూలు చుట్టిన కండెలు అందిస్తోంది. అంత ఒడుపుగా నేసే చేతులు ఆ వీధిలో నేను ఇంకెక్కడా చూడలేదు. ఈ మాట అప్పుడే వ్యాసంలో రాసి ఉంటే ఎంత బాగుండేది.

“గొడుగు ఆ గూట్లో పెట్టినాను, తీసుకో అప్పా” అంది. నేను గొడుగు తీసుకుని కూడా కదలకపోవడం చూసి, నాడె ఆపి, “రాసుకుంటావేమో రాసుకో. మా ఇంటాయన పోయినప్పటి నుంచి నేనే నేస్తాండాను. గుడ్డ మా మరిది పేరు మీద పోతాది. ఈదిలో అందరికీ తెలుసు” అంది.

మరి పెద్దాయన అలా చెప్పాడేమిటని అడిగాను. అబద్ధం పట్టేసినవాడి హుషారు నా గొంతులో ఉండే ఉంటుంది. ఆమె కొంచెం నవ్వింది.

“ఆయన సెప్పేది కూడా నా కోసమేలే అప్పా. ఆ మాట అట్ల ఉంటేనే నేను ఈడ కూసోగలిగేది.”

ఈ మాట అర్థం కావడానికి నాకు ఏడాదికి పైగా పట్టింది. విధవరాలు మగ్గంలో కూర్చోవడం ఆ వీధి మర్యాదకు సరిపడదు. కూర్చోకపోతే ఆమెకూ బిడ్డకూ కూడు లేదు. అందుకని వీధి వీధంతా ఒక ఏర్పాటు చేసుకుంది. చప్పుడు వినిపిస్తుంది, ఎవరూ వినరు. మగ్గం మరిదిది అంటారు, నూలు మరిది పేరు మీద తెచ్చి ఆమె ఇంట్లో దింపుతారు. ఎవరూ నోరు తెరిచి అనుకోకుండా, ఎవరి పరువూ పోకుండా, ఆమె పొయ్యి వెలుగుతోంది. చదువుకున్నవాణ్ణి కనుక నాకు అది కనిపించలేదు. ఆమె మాటను జేబు పుస్తకంలో పెన్సిలుతో రాసుకుని వచ్చేశాను.

ఆదోనిలో కూర్చుని వ్యాసం సాపు రాసేటప్పుడు ఆ పెన్సిలు రాత దగ్గర ఆగాను. ఒక పక్క నలభై మంది, పేర్లతో, తేదీలతో. ఒక పక్క ఆమె ఒక్కతే. పైగా ఆమె మాటకు బలం ఇచ్చేది నేను కళ్ళారా చూసింది. ఆ చూసిందాన్ని గీత కింద ఎలా రాయాలి? ‘నేను’ అన్న మాట రాయరాదు కదా. అచ్చయిన పుస్తకం కాదు, పుట లేదు. నియమావళి నాలుగు పుటలూ తిరగేశాను, కళ్ళకు అందులో చోటు లేదు. ఆమె మాట వదిలేశాను. నిజం చెప్పాలంటే పెద్దగా బాధపడలేదు కూడా. ఆధారం చాలదని ఒక మాట పక్కన పెట్టగలిగినందుకు నేను పండితుణ్ణయిపోయాననిపించింది.

టైపు కొట్టింది పత్తి ప్రెస్సు ఆఫీసులో పనిచేసే ఒకాయన. వ్యాపారం ఉత్తరాలు తప్ప ఇంకోటి ఎరగడు. గీత కింద మాటలంటే ఆయనకు మహా చిరాకు. ఉత్తరంలో సంతకం కిందికి దిగిన మాట ఎవరికీ కట్టుబాటు కాదనీ, ఈ కింది పేర్లన్నీ ఎవడు చూస్తాడనీ సణిగేవాడు. కింద ఎన్ని పంక్తులు వస్తాయో ముందే లెక్క చూసుకుని, కాగితం అంచున పెన్సిలుతో చుక్క పెట్టుకుని, అక్కడికి రాగానే ఆపి గీత కొట్టాలి. లెక్క తప్పితే పుటంతా మళ్ళీ కొట్టాలి. ఎన్ని కాగితాలు ఉండచుట్టి పారేశాడో చెప్పలేను. నేను పక్కన కూర్చుని ఉడికిన బుడ్డలు ఒలుచుకుంటూ చదివి చెప్పేవాణ్ణి. వేరుశనక్కాయల్ని మా వైపు బుడ్డలంటాం.

వ్యాసం చివర ఇంటింటికీ ఉన్న మగ్గాల పట్టిక ఉంది. అది కొడుతూ ఆయన ఆగాడు.

“ఈ మనిషి పేరు రెండు తావుల వచ్చిందే. ఒకటి తీసేయల్నా?”

అది ఆ మరిది పేరు. ఆయన ఇంటి ఎదుట ఒక మగ్గం, విధవరాలి ఇంటి ఎదుట మళ్ళీ ఆయన పేరే, ఇంకో మగ్గం. ఒకే పేరు రెండుసార్లు రావడం పట్టికలో దోషం. తీసేయండి అన్నాను. ఆ మాట అనడానికి బుడ్డ ఒలవడం కూడా ఆపలేదు నేను. ఆయన రబ్బరు పెట్టి రుద్దాడు.

కార్బను పెట్టి మూడు ప్రతులు తీయించాను. ఒకటి ఆచార్యులకు, ఒకటి నాకు. మూడోది ఎమ్మిగనూరు తీసుకుపోయి పెద్దాయనకు ఇచ్చాను. ఆయనకు ఇంగ్లీషు రాదు, తెలుగైనా ఆ కంటితో చదవలేడు. అయినా వీధిలో అందరినీ పిలిచి, గీత కింద ఎవరి పేరు ఎక్కడుందో నాచేత వేలు పెట్టి చూపించాడు. తర్వాత ఆ కట్టను కళ్ళకద్దుకుని ఉతికిన తువ్వాలలో చుట్టి దాచుకున్నాడు. ఆ గుంపులో ఆమె ఉందో లేదో నేను చూడలేదు.

ఆ తర్వాత యుద్ధం మద్రాసు ముంగిటికి వచ్చింది. జపాను బాంబులు పడతాయన్న భయంతో సగం పట్నం ఖాళీ అయింది. మా ఆచార్యులు పెట్టె సర్దుకుని తమ ఊరు పోయారు, నా వ్యాసం కూడా ఆ పెట్టెలోనే పోయింది. ఆయన తిరిగివచ్చి నన్ను పిలిపించేసరికి ఏడాది దాటింది. మెచ్చుకుంటారని తయారై పోయాను. ఆయన మెచ్చుకోలేదు. పుటలు తిప్పుతూ గీతల కింద మాత్రమే చదివారు. నలభై మంది ఒక్క విషయం చెప్పవచ్చు గానీ, నలభై మంది ఒక్క వాక్యం చెప్పరని అన్నారు. ఆ మాట చెప్పేటప్పుడు పక్కన ఎవరున్నారని అడిగారు. పెద్దాయన సంగతి చెప్పాను. అయితే ఇవి నలభై ఆధారాలు కావని, ఒక్క మనిషి మర్యాద నలభై ఇళ్ళలో వినిపించిందని అన్నారు. ఇందుకు భిన్నంగా ఏదైనా కనిపించిందా అని అడిగారు. జేబు పుస్తకం తీసి ఆ పెన్సిలు రాత చూపించాను. ఎందుకు వదిలేశావన్నారు. ‘నేను’ అని రాయవద్దన్నారు కదా అన్నాను.

“రాయవద్దన్నాను గానీ చూడవద్దనలేదు కదయ్యా” అన్నారు ఆయన, దగ్గు మధ్యలో. కేకలు వేసి ఉంటే తేలికగా ఉండేది. చూసినవాడు తాను చూశానని గీత కింద తేదీతో రాసుకోవచ్చని, ఆమె ఒప్పుకుంటే ఆమె పేరు కూడా వేసి ఆ పుట తిరగరాయమని చెప్పి పంపారు.

పెట్రోలు కరువు రోజులు. వెనక బొగ్గుల కొలిమి కట్టుకుని నడిచే బస్సులో, ప్రతి మిట్ట దగ్గరా దిగి తోస్తూ ఎమ్మిగనూరు చేరాను. వీధిలో మగ్గాల చప్పుడు సగానికి సగం తగ్గింది. పెద్దాయన అరుగు మీద ఉన్నాడు. నా గొంతును బట్టి గుర్తుపట్టి, కూర్చోబెట్టి, అడగకుండానే చెప్పుకొచ్చాడు. నూలుకు కరువొచ్చింది. రాతలో ఉన్న మగ్గాలకే ఇంతని నూలు ఇవ్వాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. వీధి మగ్గాల జాబితా రాసి ఇమ్మని నూలు ఇచ్చే ఆఫీసువాళ్ళు అడిగారు. రాసేవాళ్ళు ఎవరున్నారు, తువ్వాలలో నా కాగితాల కట్ట తయారుగా ఉంది.

“అచ్చు కొట్టినట్ల ఉండె గదా, అదే ఇచ్చినాను. ఆయమ్మ మగ్గం మరిది పేరు మీద ఉంటాదిలే అనుకొంటి. కాగితంలో ఆయప్ప పేరున ఒకటే ఉందంట. నేను నీకు రెండని సెప్పినాను గదప్పా?”

చెప్పారన్నాను.

ఆయన నా మీద కోపం తెచ్చుకోలేదు. మరిచిపోయి ఉంటావులే అన్నట్టు తల ఊపాడు. జాబితా తప్పని చెప్పడానికి రెండుసార్లు పోయి వచ్చాడట. నలభై మంది పేర్లు పెట్టి చెప్పిన మాట కాగితం మీద ఉండగా, ఇప్పుడు ఒక్క ముసలాయన వచ్చి కాదంటే ఎలా అని అడిగారట వాళ్ళు. ఆ నలభై మంది చెప్పింది కూడా తన మాటేనని ఆయనకు చెప్పుకోవడం చేతకాలేదు. కొన్నాళ్ళు వీధిలోవాళ్ళు తమ నూలులోంచి తలా రెండు చిలపలు తీసి ఆమెకు ఇచ్చారు. తర్వాత వాళ్ళ మగ్గాలకే చాలకుండా పోయింది. రబ్బరుతో రుద్దిన ఆ పంక్తి సంగతి ఆయనకు చెప్పేశాను. ఆయన కర్ర తీసుకుని లేచి, పోయి ఆమెతో చెప్పు అన్నాడు. ఈసారి నాతో రాలేదు.

ఆ ఇంట్లో మగ్గం లేదు. గుంత పూడ్చేసి, మట్టి మెత్తి, పేడతో అలికి ఉంది. కొత్తగా పూడ్చిన చోటు నేల కాస్త రంగు తేడాగా ఉంది. ఆమె ఆ చోటనే కూర్చుని రాట్నం మీద కండెలు చుడుతోంది, ఎవరి మగ్గానికో, కూలికి. నేను అప్పుడు ఆమె పేరు ఎదుట రాసింది సరిగ్గా అదే పని. కూతుర్ని ఆదోని పత్తి మిల్లులో పనికి పంపిందట, అక్కడ పిన్నమ్మ దగ్గర ఉంటోందట.

నిలబడే అంతా చెప్పాను. ఆమె మాట నేను రాయకపోవడం, మరిది పేరు ఒకచోట కొట్టేయించడం, ఆచార్యులు అన్నది, అంతా. ఆమె చెయ్యి ఆపకుండా వింది. తిట్టలేదు. తిడుతుందనే నేను నిలబడి ఉన్నాను. చివరికి సంచిలోంచి కొత్త పుట తీసి, నేను చూశానని ఈ గీత కింద రాశానక్కా, నీ పేరు కూడా వేస్తాను, ఒప్పుకుంటావా అని అడిగాను.

“ఇప్పుడు నా పేరు ఏస్తే నూలు వస్తాదా?”

రాదన్నాను. జాబితా ముగిసిపోయిందని పెద్దాయన అప్పటికే చెప్పాడు. అయినా అర్జీ రాస్తానన్నాను. తర్వాత మూడు అర్జీలు రాశాను కూడా.

“అట్లయితే వద్దులే అప్పా” అంది. “మగ్గం ఉన్న పొద్దు ఏయాల్సిన పేరు అది.”

ఆ పుటను ఆమె పేరు లేకుండానే దిద్దాను. పై వాక్యం మీద అంకె వేసి, గీత కింద, ఆ వీధిలో ఒక స్త్రీ మగ్గం నేస్తుండగా ఈ వ్యాసకర్త స్వయంగా చూశాడని తేదీతో రాశాను. టైపు కొట్టినాయన లెక్క తప్పకుండా ఒక్కసారికే కొట్టాడు. వ్యాసం మొత్తంలో నిఖార్సయిన ఆధారం ఆ ఒక్కటేనని ఆచార్యులు పుట అంచున ఎర్ర సిరాతో రాశారు. నాకు పట్టా వచ్చింది. ఆమెకు నూలు రాలేదు.